పచ్చ శాలువా

మా చర్చిలో క్రిస్మస్ నాటకానికి తూర్పుదేశపు జ్ఞాని భుజాన కప్పే పచ్చ శాలువా ప్రతి ఏడూ వెనక వీధి సాయిబుగారింటి నుంచే వచ్చేది. ఆయన్ని నేను మామా అంటాను. పండగ పొద్దున విందుకు పొట్టేలును కోసేదీ ఆయనే. ఆయన చేత్తో కోస్తేనే ఆ ఇంటివాళ్లూ మా బంతిలో కూర్చుని తింటారు. మా తాతల నాటి నుంచీ అంతే.

రెండేళ్ల కింద కొత్తగా వచ్చిన పాస్టరుకు జ్ఞానులూ గొర్రెల కాపరులూ పాతబడిపోయారు. యెరూషలేమును ముసల్మాను రాజుల నుంచి గెలుచుకున్న క్రైస్తవ రాజుల కథ ఆడిద్దామన్నాడు. కోయిలకుంట్ల బడిలో చరిత్ర పాఠాలు చెప్పేదాన్ని, ఊరుకుంటానా? ఆ సైన్యాలు ఊరు పట్టుకున్నాక ఆడవాళ్లనూ పిల్లలనూ నరికాయని, తర్వాతెప్పుడో ఇంకో దండు పోయి సాటి క్రైస్తవుల చర్చిలనే దోచిందని చెప్పాను.

“అదంతా నాటకంలో పట్టదులేమ్మా.”

“మరేం పడుతుంది? సాయిబుల్ని పిలిచి ముందర కూర్చోబెట్టి తన్నేదా?”

“మన ఊరోళ్లను ఎవరంటాండారు? వాళ్లు ఆ కాలపోళ్లు.”

సంఘపెద్దలంతా ఆయన పక్కే. వాదించి వాదించి నేనూ సరేనన్నాను. అనడమే కాదు, ఎప్పటిలా శాలువా అడగబోయిందీ నేనే.

మామ పెట్టెలోంచి తీసి, దులిపి ఇచ్చాడు. “ఈసారి జ్ఞాని ఎవురు కోడలా?”

“ఇంకా తేల్చలేదు మామా” అన్నాను. ఊరందరితో కయ్యానికి దిగే నోరు అక్కడ అబద్ధమాడింది.

పండగ సాయంత్రం శాలువా సుల్తాను తలకు పాగా అయింది. రాజు కత్తి దూశాడు, సుల్తాను పడ్డాడు, ఊడిపోయిన పాగాను రాజు కాలితో తన్నాడు. మావాళ్లు చప్పట్లు కొట్టారు. ముందు వరసలో మామ పక్కనున్న అత్త, “అది మన శాలువా గదా” అంది.

బంతి వేసేసరికి ఇద్దరూ లేచారు.

“తిని పోండి మామా.”

“పగలు శానా తినింటి కోడలా. ఆకలి లేదు.”

మర్నాడు ఉతికి, ఇస్త్రీ చేసి పట్టుకెళ్లాను. అత్త అందుకుంది. “నీకు ముందే తెలుసునా?” అంది. తెలుసన్నాను. టీ పెట్టి ఇచ్చింది. తిట్టి ఉంటే బాగుండేది.

నిరుడు పండక్కి పిలిస్తే మామ వచ్చాడు. పొట్టేలును కోశాడు, కత్తి కడుక్కున్నాడు, ఇంటికి పోయాడు. ఈసారి మళ్లీ పాత నాటకమే, జ్ఞానికి నా పట్టుచీర కప్పాం. శాలువా అడగడానికి నాకు మొహం చెల్లలేదు. రాత్రి విందులో ఆ ఇంటివాళ్ల కోసం వేసిన ఆకులు తీయిస్తూ పాస్టరు నన్నే అడిగాడు.

“ఏమ్మా, వాళ్లు రాలేదే? మనం ఏమన్నామని?”