బంద్ రోజుల చిక్కుడు గ్రాఫ్

తెలంగాణ ఉద్యమం నాళ్లలో మా డిగ్రీ కాలేజీ దిల్‌సుఖ్‌నగర్‌లో, మా కిరాయి ఇల్లు ఎల్బీనగర్‌లో. బంద్ అని బస్సులు తిరగని రోజున నడిచే వెళ్లేదాన్ని. గేటుకు తాళం కనిపిస్తే తిట్టుకుంటూ వెనక్కి వచ్చేదాన్ని. ఆ ఆరాటమంతా ల్యాబ్ కిటికీలో పెట్టిన చిక్కుడు మొక్కల కోసం. వాటి ఎత్తు స్కేలుతో కొలిచి గ్రాఫ్ గీయాలి. దాని మీద బాటనీ మేడమ్ సంతకం లేకపోతే ప్రాక్టికల్ పరీక్షకు కూర్చోనివ్వరు.

మా కాలేజీలో ఒక ఆనవాయితీ ఉండేది. సీనియర్ల రికార్డులోని గీతను ముందు దించేసుకుని, దానికి సరిపడా కొలతలు తర్వాత రాసుకోవడం. అది చూస్తే నాకు ఒళ్లు మండేది. మొండికేసి నిజంగానే కొలిచాను. తీరా గీత గీస్తే, సాఫీగా పోతున్నది కాస్తా మధ్యలో గోడెక్కినట్టు పైకి లేచింది. చూసినవాళ్లెవరైనా ఇవి దొంగ కొలతలే అంటారు.

నా పక్కన కూర్చునే అమ్మాయిది గుంటూరు వైపు. "బార్ గ్రాఫ్ వేసెయ్యవే. ఆ కడ్డీల్లో ఈ గోడ ఎవరికీ కనిపించదు," అంది. నేను వినలేదు. పెరగడమంటే ఆగకుండా సాగేది, దానికి గీతే సరి.

మేడమ్ ఆ కాగితం చూసి కళ్లద్దాలు తీశారు.

"ఒక్క రోజుల గింత పెరిగిందా? సీనియర్ల రికార్డు చూసి రాసినవా?"

"లేదు మేడమ్, నేనే కొలిచిన."

"మరి గీ రెండు చుక్కల నడుమ ఏమైంది?"

"బంద్‌లు మేడమ్. కాలేజీ లేదు. గందుకే గా రోజులు తీసేసిన."

హాజరు లెక్కలో మాకు పనిదినాలే రోజులు. బంద్ అయితే అసలది రోజే కాదు. గ్రాఫ్ అడుగు గీత మీద కూడా అదే లెక్క వేశానని అప్పటిదాకా నాకు తట్టనేలేదు.

మేడమ్ నవ్వారు. "దొంగ కొలతలు రాసేటోళ్లు గిసొంటి గీత గియ్యరు బిడ్డా. కాలేజీకి బంద్ సరే, మొక్కలకు కూడ బందేనా?"

కొత్త గ్రాఫ్ కాగితం తీసుకుని, అడుగున బంద్ రోజులన్నిటికీ చోటు వదిలి, చుక్కలు మళ్లీ పెట్టాను. ఒక్క అంకె మార్చలేదు. ఈసారి గోడ లేదు. బంద్‌కు ముందరి చుక్కలూ తర్వాతి చుక్కలూ ఒకే దారిన పోతున్నాయి. నేను చూడని రోజుల్లో ఏం జరిగిందో ఆ ఖాళీ గడులు చెబుతున్నాయి.

"కొలవని కాడ చుక్కల గీత పెట్టు," అన్నారు మేడమ్. పెట్టాను. ఆమె దాని కింద సంతకం చేశారు.

ఇన్నాళ్లూ దేనికోసం భయపడ్డానో ఆ సంతకాన్ని బల్ల మీదే వదిలేసి, కిటికీ దగ్గరికి వెళ్లి ఆ మొక్కల ముందు నిలబడ్డాను. తెలంగాణ కోసం మేమంతా రోడ్డెక్కి, పట్నమంతా ఆగిపోయిందని అనుకున్న రోజుల్లో, తాళం వేసిన గదిలో ఇవి ఒక్క పూట కూడా ఆగలేదు.