చెమట తుడవని వేలు

గుడ్‌వైగ్ కథ చెప్పే హక్కు మా లోయలో నాకొక్కడికే ఉంది. ఆమెతో పాటే స్కీ బడిలో చేరి మధ్యలో మానేసినవాణ్ణి. నేను ఎక్కుతుంటే కొండే భయపడి వంగేది; అది వేరే సంగతి.

ఇప్పుడు ఉత్తరాలు పంచుతుంది గానీ, ఇరవయ్యేళ్లప్పుడు గుడ్‌వైగ్ ముందు దూసుకుపోతుంటే వెనకవాళ్లకు మంచుపొడి తప్ప ఏమీ కనిపించేది కాదు. ఆ ఏడు కోచ్ హాల్‌వార్డ్ గాలి సగమే అందించే మాస్కులు తెచ్చాడు. అవి బిగించుకుని పరుగున కొండెక్కితే రక్తం చిక్కబడుతుందట! పైన ఒక్కొక్కరి వేలు పొడిచి, చుక్క తీసి, లాక్టేట్ కొలిచేవాడు. ఒళ్లు అలిసేకొద్దీ రక్తంలో పెరిగేది అదే. అందరికీ తొమ్మిదీ పదీ; గుడ్‌వైగ్‌కి పందొమ్మిది.

"నీది రక్తం కాదమ్మాయ్, పులిసిన పాలు. ఇంటికెళ్లు," అన్నాడు అందరి ముందూ.

"ఇంకోసారి పొడవండి."

"మిషన్ అబద్ధమాడదు."

జట్టులో ఆమె చోటు అతని మేనకోడలికి దక్కింది. చెమటలోనూ లాక్టేట్ దండిగా ఉంటుందని క్లబ్బు డాక్టరమ్మ చెప్పేసరికి ఆలస్యమైపోయింది. పొడిచేముందు మిగతావాళ్ల వేళ్లన్నీ తుడిచాడు, గుడ్‌వైగ్‌ది తప్ప! అందరి ముందూ అన్న మాట అందరి ముందే వెనక్కి తీసుకోవాలని ఏటా అడిగేది. ఏటా నవ్వేవాడు. ఆమె పగ మాత్రం చల్లారలేదు.

పోయిన శరత్కాలంలో పాతవాళ్లమంతా కొండపరుగుకి కలిశాం. అరవై దాటిన హాల్‌వార్డ్ వాఫుల్ నములుతూ కోతలు కోశాడు.

"మాస్కు పెట్టుకుని ఇప్పటికీ ఎక్కుతా!"

"ఎక్కండి సారూ. వేలు నేను పొడుస్తా," అంది గుడ్‌వైగ్.

ఎక్కాడు. అతని చెమటకి వాగు పొంగి నేను కొట్టుకుపోబోయాను, ఒట్టు! ఆమె తడి వేలినే పొడిచింది.

"ఇరవై ఒకటి! పులిసిన పాలు. ఇంటికెళ్లు, హాల్‌వార్డ్."

"చెమట తుడవందే పొడుస్తారటే? మిషన్ ఎక్కువే చూపిస్తుంది! చంటిపిల్లకైనా తెలుసు!"

నవ్వులన్నీ ఠక్కున ఆగిపోయాయి.

"నీకెప్పట్నుంచి తెలుసు?" అంది గుడ్‌వైగ్.

అతను నేల చూస్తూ ఏదో గొణిగాడు.

"గట్టిగా చెప్పు. వెనకవాళ్లకి వినపళ్లేదు."

"అప్పుడూ తెలుసు," అన్నాడు. "కావాలనే తుడవలేదు."

వేలి రక్తం తుడుచుకోవడానికి, ఆమె చేతిలోని దూది కోసం చెయ్యి చాపాడు. గుడ్‌వైగ్ దాన్ని అతని కళ్లముందే జేబులో పెట్టుకుంది. వేలు చప్పరించుకుంటూ ఒంటరిగా కొండ దిగాడు. మేం వాఫుళ్లు వేడిగా తిన్నాం.