తిన్నది మస్కట్‌లో, పైసలు గాంధారిలో

మస్కట్‌లో తిన్న తొక్కుకు ఎల్లారెడ్డిలో ఉన్న మాకు పైసలు ఎట్లా అందాలి? ఎనభైల్లో ప్రతి ఎండాకాలం మా ఇంట్లో ఇదే పంచాయితీ.

మామిడికాయ ఉన్నన్నాళ్లే మా వ్యాపారం. కాయకు టెంక ముదిరిన దినాలు మొదలుకొని తొలకరి దాకా, మహా అయితే నెలన్నర. అమ్మ కాయలు కొట్టి, అల్లం ఎల్లిగడ్డ నూరి, ఆవపిండీ మెంతిపిండీ కలిపి తొక్కు పెట్టేది. నూనె కారకుండా డబ్బాల మూతలకు మాటు వేయించుకు రావడం నా పని. సెలవు ముగిసి మస్కట్ తిరిగిపోయేవాళ్లు తలా రెండు డబ్బాలు పెట్టెలో పెట్టుకుపోయేవాళ్లు. అక్కడ మా తమ్ముడు తాపీమేస్త్రీ. వాడి క్యాంపులో సగంమంది మనవైపు వాళ్లే. డబ్బాలు దిగిన వారంలోపే ఖాళీ అయ్యేవి. పైసలు ఇంటికి రావడం దగ్గరే తకరారు.

తమ్ముడు డ్రాఫ్టు పంపుతానన్నాడు. డ్రాఫ్టు మార్చాలంటే బ్యాంకులో ఖాతా కావాలి. ఖాతా అంటే అమ్మకు భయం, కౌంటరు వెనక కూర్చున్నాయన బీడీలు చేసుకునే ఆడదని కసురుతాడని. కామారెడ్డిలో ఒక దుకాణం వెనక హవాలా నడిచేది. అక్కడ ఒకరికి రియాళ్లు ఇస్తే ఇక్కడ ఇంకొకరు రూపాయలు ఇస్తారు, మధ్యన కాగితం ముక్క ఉండదు. ఆ మాట ఎత్తితే అమ్మ అగ్గి మీద గుగ్గిలమయ్యేది.

"నేనేమన్న దొంగ సొమ్ముతోటి తొక్కు పెట్టిన్నా? దొంగతొవ్వల ఎందుకు రావాలె పైసలు?"

ఆఖరికి ఆమే ఒక తీరు కనిపెట్టింది. "ఆడ తినుడు, ఈడ ఇచ్చుడు," అన్నది. క్యాంపులో తొక్కు తీసుకున్నవాడు ఒక చీటి మీద తన పేరు, ఊరు, ఎన్ని కిలోలో రాసి, కింద "పైసలు ఇంటికాడ తీసుకోండి" అని సంతకం పెట్టాలి. ఆ చీటీలన్నీ తమ్ముడు ఒకే కవరులో పంపేవాడు. నాట్లు అయిపోగానే అమ్మా నేనూ బస్సెక్కి ఊర్లు తిరిగేవాళ్లం. గాంధారి, బీబీపేట, పెద్దకొడప్‌గల్. మొగుడితో పడక పుట్టింట్లో కూర్చున్నదాన్ని కదా, నాకు తీరికకు కొదవ లేదు. నోటికీ కొదవ లేదు.

వసూలుకు వచ్చినవాళ్లను చూసి సంతోషపడే ఇండ్లు నేను మళ్లీ ఎక్కడా చూడలేదు. ముందు చాయ్ పోసేవాళ్లు, తర్వాత చీటి చదివించుకునేవాళ్లు. రెండు కిలోలు తీసుకున్నాడంటే ఒంట్లో బాగున్నట్టే అని వాళ్ల లెక్క. చేతిలో పైసలు లేనివాళ్లు నువ్వులో చింతపండో కొలిచి ఇచ్చేవాళ్లు.

గాంధారిలో ఒక పిల్ల ఉండేది. పిల్ల అంటున్నాను గానీ పెళ్లయి ఆరేళ్లు, నడిచే కూతురు. బిడ్డ కడుపులో ఉండగా మొగుడు మస్కట్ పోయాడు. మొదటి ఏడాది ఉత్తరాలూ పైసలూ పంపాడు. ఆ తర్వాత ఉత్తరం లేదు, పైసా లేదు. కిరాయి అర్రలో ఉంటూ బీడీలు చేసి బతికేది. అటువంటి ఇంటికి ఏటేటా ఆయన చీటి వచ్చేది, నాలుగు కిలోలకు తక్కువ లేకుండా.

"మల్లొక్కసారి సదువు అక్కా," అనేది. మళ్లీ చదివేదాన్ని. "ఇంటికాడ అనే రాసిండా? ఇంకేం రాయలే?"

"ఇంటికాడ అనే రాసిండు."

దానికే ముఖం వెలిగిపోయేది. బీడీల చాట పక్కన పెట్టి లేచి, బీడీల కూలిలోంచి వారం వారం దాచిన పైసలు తెచ్చి అమ్మ చేతిలో పోసేది. నేను పళ్లు కొరుకుతుంటే నన్నే సముదాయించేది.

"కంపెనీల జీతాలు ఇస్తలేరంట అక్కా. గిట్ల శానమందికి అయితున్నదట. పైసలుంటే పంపకుంటడా? గాయిన అసొంటోడు కాదు. పాపం, కూరలు గూడ దొరకవేమో, తొక్కుతోటే తింటున్నట్టుండు."

జీతాలు ఆపిన కంపెనీల కథలు ఆ రోజుల్లో నిజంగానే వినబడేవి. కానీ నాకు నమ్మబుద్ధి కాలేదు. పెళ్లాం బీడీలు చేసి సంపాదిస్తే మొగుడు నాలుగు కిలోలు లాగించడం, అత్తసొమ్ము అల్లుడు దానం చేసినట్టే ఉందనిపించింది. రెండేళ్లు ఓపిక పట్టాను. మూడో ఏడు నా పేరు మీద ఖాతా తెరిచి తమ్ముడికి ఉత్తరం రాశాను: "ఇకమీదట చీటీలు లేవు. తిన్నవాడే ఇయ్యాలె. జీతాల నాడు అక్కడే వసూలు చేసి డ్రాఫ్టు పంపు."

పైకి చెప్పిన కారణం వేరు. ఊర్లు తిరగడానికి అమ్మ మోకాళ్లు సహకరించడం లేదన్నాను. అమ్మకు నా సంగతి తెలియదా? "గా ఒక్క ఇల్లు పాత తీరుగనే ఉండనియ్యి బిడ్డా," అన్నది. తినేవాడి చేతికి తెడ్డిచ్చినట్టు మాట్లాడకు అని ఆమెనే కసిరాను.

డ్రాఫ్టు వచ్చింది. వెంట తమ్ముడి ఉత్తరం, ఎవరెవరు ఇచ్చారో. గాంధారి ఆయన పేరు కూడా ఉంది. గెలిచినంత సంబరపడ్డాను. ఆ ఉత్తరం పట్టుకుని, అడిగేవాళ్లు లేకున్నా, పొద్దున బస్సుకే గాంధారి పోయాను.

ఆ పిల్ల నన్ను చూడగానే లేచి, పైసల మూట తెచ్చింది. "చీటి తెచ్చినవా అక్కా? ఈసారి ఆలస్యం చేసిన్రు. మంచిగున్నడో లేడో అని పానం కొట్టుకున్నది."

"మూట లోపల పెట్టు," అన్నాను గొప్పగా. "ఈసారి నువ్వు ఇచ్చేది లేదు. ఆయనే ఇచ్చిండు."

ఆమె నిలబడిపోయింది. "ఎట్ల ఇచ్చిండు? ఎవల దగ్గరన్న బదులు తీసుకున్నడా?"

అక్కడన్నా నేను ఊరుకోవలసింది. నా నోరు ఊరుకోదు కదా. "బదులెందుకు? అందరికన్న ముందు జేబుల నుంచి తీసి ఇచ్చిండంట," అని తమ్ముడి ఉత్తరం విప్పి చదివి వినిపించాను. తన నాలుగు కిలోలకే కాదు, దోస్తులకు పంచిన ఇంకో రెండు కిలోలకు కూడా ఆయనే ఇచ్చాడట. ఎప్పుడూ చేయి పెద్దదే ఆ మనిషిది, అని తమ్ముడు రాశాడు.

చదవడం అయిపోయాక తలెత్తి చూశాను. ఆమె మెల్లగా కింద కూర్చుంది. బిడ్డ వచ్చి ఒళ్లో పడితే వీపు మీద చెయ్యి వేసింది గానీ చూపు బిడ్డ మీద లేదు.

"అయితే ఆయన కాడ పైసలున్నయన్నట్టు," అన్నది.

నాకు అప్పుడు అర్థమైంది, నేనేం చేశానో. నాలుక కోసుకోవాలనిపించింది.

"పోయినేడు గూడ ఉండెనా అక్కా?"

తెలియదన్నాను. అబద్ధమని ఇద్దరికీ తెలుసు. ఆమె మూట తీసి నా ఒళ్లో పెట్టింది.

"తీసుకో అక్కా. ఆయన ఇయ్యలేదని అనుకుంట."

"ఒక్క తొక్కుకు రెండుసార్ల పైసలు తీసుకుంటే పాపం," అని తిరిగి ఆమె చేతిలోనే పెట్టాను. అప్పటికీ నాకు నా న్యాయమే ముఖ్యం. తీసుకుని ఉంటే ఏం పోయేది?

మంచికి పోతే చెడు ఎదురైందని లోకం మీద తోసేయలేను. చెడు చేసింది నేనే. ఇంటికి వచ్చి అమ్మకు చెబితే, ఆమె నాకు అన్నం పెట్టి, తన బీడీల చాట ముందర కూర్చుంది. తిట్టి ఉంటే బాగుండేది.

మరుసటి ఏడు నా చేత్తో నేనే ఒక చీటి రాశాను. ఆయన పేరు, నాలుగు కిలోలు, పైసలు ఇంటికాడ తీసుకోండి. ఆమెకు చదువు రాదు కదా అనుకున్నాను. తమ్ముడికి ఆ ఒక్క మనిషి దగ్గర మాత్రం వసూలు చేయవద్దని ఉత్తరం కూడా వేశాను. గాంధారిలో ఆమె అదే అర్రలో, చాట ముందర కూర్చుని ఉంది. మనిషి సగమైంది. చీటి చేతిలో పెట్టి, "మల్ల పాత తీరే పెట్టినం," అన్నాను.

ఆమె చీటి విప్పలేదు. చదవమనీ అనలేదు. మడత మీద మడత అట్లాగే నాకు తిరిగి ఇచ్చి, చాట ఒళ్లోకి లాక్కుంది.

"ఆయన కాడ ఉన్నయి గదక్కా, ఆయన్నే అడుగున్రి," అన్నది. "నాకు పిల్ల ఉన్నది."