లక్కక్క పంపిన సబ్బు

పోస్టాఫీసు గోడకి ఆనుకుని ఉన్న ఇరుకు గదిలో కూర్చునే ఆవిడకి అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటుంది గానీ, పిలిచేవాళ్లు లేక అది ఎప్పుడో మూలపడింది. పొద్దస్తమానం లక్క కరిగించి పార్సిళ్ల మీద ముద్రలు వేస్తుంది కాబట్టి అందరికీ ఆమె లక్కక్క. ఆమెకంటే వయసులో పెద్దవాళ్లు కూడా లక్కక్కా అనే పిలుస్తారు. కోపం మాత్రం ఎప్పుడూ ముక్కు మీదే. లక్క కరగడానికైనా కింద కాస్త మంట పెట్టాలి, ఈవిడకి ఆ మంటా అక్కర్లేదు.

ఆమె పని ఏమిటంటే, జనం పోస్టులో పంపుకునే చిన్న చిన్న ఖరీదైన వస్తువుల్ని కట్టివ్వడం. ఉంగరాలు, చేతి గడియారాలు, చెవిటి మిషన్లు, గొలుసు తెగిన లాకెట్లు. వచ్చేవాళ్లు ఊరికే వస్తారా? ఉంగరాన్ని పల్చటి కవర్లో పడేసి, పైన ఎర్ర సిరాతో ‘విలువైనది, జాగ్రత్త’ అని బారెడు అక్షరాలతో రాసుకుని మరీ వస్తారు. అది చూస్తే చాలు, లక్కక్క ఇంతెత్తున లేస్తుంది. అంతకంటే దొంగగారూ దయచేయండి అని రాయకపోయారా అని కడిగి పారేస్తుంది. ఆ తర్వాత తనే ఆ కవరు చింపి అవతల పారేసి, ఉంగరానికి దూది చుట్టి, కదలకుండా ఏ పాత పౌడరు డబ్బాలోనో కూరి, డబ్బాని అట్టపెట్టెలో పెట్టి, మీద గుడ్డ కుట్టి, కుట్టు కుట్టుకీ లక్క ముద్ర వేసి ఇస్తుంది. చూసినవాడికి ఎత్తుకుపోవాలని అనిపించకూడదు, ఊపినవాడికి చప్పుడు వినిపించకూడదు. జత వస్తువైతే రెండూ కలిపి అస్సలు పంపదు. ఒకటి చేరిందని కబురొచ్చాకే రెండోది కదులుతుంది. ఒంటి కమ్మతో దొంగ ఏం చేసుకుంటాడు, ఏ చెవికి పెట్టుకుంటాడు అంటుంది.

ఇలాంటి మనిషిని పట్టుకుని సొంత చెల్లెలు దొంగ అంది. ఒళ్లు మండదూ మరి?

సంగతేమిటంటే, వాళ్లమ్మ పోతూ వదిలి వెళ్లింది ఒకే ఒక్క జత ఎర్రరాయి కమ్మలు. కూతుళ్లు చూస్తే ఇద్దరు. ఒక ఏడు అక్క, ఒక ఏడు చెల్లెలు పెట్టుకోండని ఆవిడే చెప్పి పోయింది. ఇప్పుడు చెల్లెలి వంతు. వంతు వచ్చి నెలలు దాటిపోతున్నా లక్కక్క ఇదిగో అదిగో అంటూ జరుపుకొచ్చింది. ఒకసారి దుకాణం మూయడానికి కుదరలేదంది. ఇంకోసారి కమ్మ వెనకాల మర వదులైంది, బాగు చేయించాలంది. అసలు మాట ఏమిటంటే తీయబుద్ధి కాలేదు. అద్దంలో చూసుకున్నప్పుడల్లా ఆ చెవుల దగ్గర అమ్మ కనిపించేది. ఆ మాట పైకి అంటే సరిపోయేది, కానీ ఈవిడ అనే రకమా? కమ్మలు పట్టుకుని రమ్మని ఫోన్ చేసి చేసి, చెల్లెలు చివరికి విసిగిపోయింది.

“రావద్దులే, నువ్వే ఉంచేసుకో. ఊరందరి సొమ్మూ భద్రంగా పంపేదానివి, నా దగ్గరికొచ్చేసరికి దొంగవయ్యావు” అని ఫోన్ పెట్టేసింది.

ఆ రోజు లక్కక్క చేతిలో పడ్డ ప్రతి పార్సిల్‌కీ సూది కసిగా దిగింది. తన చేతి మీదుగా పోయిన వస్తువు ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి దారిలో పోయిందని ఎవర్నైనా వచ్చి చెప్పమనండి! అంతెందుకు, అమ్మ మంచాన పడి చెల్లెలి ఇంట్లో ఉన్నన్నాళ్లూ ఎవరు పంపారు చలికి శాలువా? ఎవరు పంపారు మెత్తటి చెప్పులూ, కొత్త కళ్లద్దాలూ? ఏ వారానికా వారం పంపింది, ఒక్క అద్దం పగల్లేదు, ఒక్క పోగు తెగలేదు. అలాంటి తనని దొంగ అంటుందా? కమ్మలు తీసుకెళ్లి దాని మొహాన కొట్టి రావాలనుకుంది. ఆ మొహం చూడటం కూడా దండగ అనిపించింది. పోస్టులో పడేస్తే తన పీడా పోతుంది, దాని నోరూ మూతపడుతుంది.

ఇక్కడో చిక్కు వచ్చి పడింది. పార్సిళ్ల కిటికీ దగ్గరికి ఈ మధ్యే కొత్త గుమాస్తా వచ్చాడు. వాడికో రోగం ఉంది. చేతికందిన ప్రతి పొట్లాన్నీ చెవి దగ్గర పెట్టుకుని ఆడిస్తాడు. పైగా మొన్నామధ్య, మళ్లీ పౌడరు డబ్బానా లక్కక్కా, ఈసారి లోపలేం దాచావు అని పళ్లికిలించాడు. డబ్బా గుట్టు వీడికి తెలిసిపోయాక ఇంక డబ్బా ఎందుకు?

అందుకని కొత్త సబ్బు ఒకటి కొంది. రేపరు చిరగకుండా విప్పి, సన్న దారంతో సబ్బుని నిలువునా కోసి, చెంచాతో లోపల గుంట తీసింది. ఒక కమ్మని ప్లాస్టిక్ కాగితంలో చుట్టి ఆ గుంటలో పెట్టి, అంచులు తడిపి రెండు చెక్కలూ అతికించి, అతుకు కనబడకుండా తడి వేలితో రాసి రాసి నునుపు చేసింది. ఆరాక మళ్లీ రేపరు చుట్టి జిగురు పెట్టింది. దానికి తోడు ఒక పౌడరు డబ్బా కూడా పెట్టింది, ఉత్త పౌడరుతో. ఎవడైనా పార్సిల్ విప్పినా డబ్బాలో వెతుక్కుని, ఏమీ దొరక్క తుమ్ముకుంటూ పోతాడని ఆమె ఎత్తు. లోపల మాత్రం ఒక్క ముక్క రాయలేదు. దొంగ అన్నదానికి మళ్లీ రాతలు కూడానా? ఒకే కడుపున పుట్టింది, ఆ మాత్రం తెలుసుకోదా అనుకుంది. రెండో కమ్మని చిన్న గుడ్డసంచిలో వేసి నడుముకి కట్టుకుని, చేరిందన్న కబురు కోసం ఎదురుచూసింది.

కబురు లేదు. రోజులు గడిచేకొద్దీ లక్కక్క మనసు కుతకుతలాడింది. చివరికి ఒక ఉదయం నిలబడ్డ జనాన్ని తోసుకుంటూ కిటికీ దగ్గరికెళ్లి, నా పార్సిల్ ఏం చేశావు, నువ్వే దొంగవి అని అందరి ముందూ గుమాస్తాని ఉతికి ఆరేసింది. చెల్లెలి ఇంట్లో పార్సిల్ ఇచ్చి సంతకం తీసుకున్నట్టు అతను కంప్యూటర్లో చూసి చెప్పాడు. చెప్పేటప్పుడు అతని గొంతు వణికింది. లక్కక్కకి ఆ వణుకు వినిపించింది, అయినా విననట్టే తిరిగొచ్చేసింది.

ఆ మధ్యాహ్నమే మేనమామ దిగాడు. ఇద్దరు మేనకోడళ్ల ఇళ్లకీ తిరుగుతూ ఇక్కడి మాట అక్కడా, అక్కడి మాట ఇక్కడా చేరవేయడం ఆయనకి అన్నం కన్నా ఇష్టం. చెల్లెలు చెప్పి రమ్మన్న మాట ఉన్నది ఉన్నట్టు దింపేశాడు. పౌడరు డబ్బా అందిందట. పౌడరంతా పేపరు మీద పోసి జల్లెడ పట్టిందట. కమ్మా లేదు, గిమ్మా లేదు. ఇంట్లో అందరికీ ముక్కుల్లో పౌడరెక్కి తుమ్ములే తుమ్ములట. తను అనుమానపడ్డదే నిజమైందని చెప్పమందట.

“పైగా సబ్బొకటి పంపావటగా, నోరు కడుక్కోమని కాబోలు అని ఏడ్చిందమ్మా. ఆ సబ్బు కూడా నాకొద్దని మెస్సులో చేతులు కడుక్కునే చోట పడేసింది” అన్నాడు.

చెల్లెలూ మరిదీ కలిసి మెస్సు నడుపుతారు. పూటకి ఎంతమంది తింటారో, అంతమందీ చేతులు కడుక్కుంటారు. ఇన్నాళ్లుగా అమ్మ కమ్మ మీద ఊరి జిడ్డంతా వదులుతోందన్నమాట! అరిగి అరిగి ఏదో ఒక పూట అది బయటపడుతుంది. ఏ చేతిలో పడితే ఆ చెయ్యి గుప్పిట మూసుకుని పోతుంది. ఇంక జన్మంతా లక్కక్క దొంగే.

మామకి చెబితే మైకులో చెప్పినట్టే. వెంటనే ఫోన్ చేసింది. చెల్లెలు ఈమె గొంతు వినగానే పెట్టేసింది. రెండోసారి మరిది ఎత్తాడు. మరిది మంచివాడే, కానీ ఫోన్లో అవతలివాళ్లు ఏమంటే అది గట్టిగా తిరిగి చెప్పే అలవాటు. వదినా, ఏంటీ, సబ్బా, సబ్బులో ఏంటీ అని ఆయన మెస్సంతా దద్దరిల్లేలా మొదలుపెట్టగానే ఈమె ఠక్కున ఫోన్ కట్టేసింది. మామని గదిలోనే వదిలేసి, వెలుగుతున్న లక్క దీపం ఆర్పి బస్సెక్కింది.

దారంతా లోలోపలే తిట్టుకుంది. జల్లెడ పట్టే బుద్ధి ఉంది గానీ సబ్బు కోసి చూసే బుద్ధి లేదా దానికి అని తిట్టుకుంది. ఒక్క మాట రాసి పెడితే నీ చెయ్యి అరిగిపోయేదా అని తననీ తిట్టుకుంది. సగం సీటు ఆక్రమించుకుని కూర్చున్న పెద్దమనిషిని పైకే తిట్టింది. గుమాస్తా గొంతు వణకడం ఒకసారి గుర్తొచ్చింది, అది తర్వాత చూసుకోవచ్చులే అని పక్కకి నెట్టేసింది.

ఆమె చేరేసరికి మెస్సు కిటకిటలాడుతోంది. గల్లాపెట్టె దగ్గర కూర్చున్న చెల్లెలు ఈమెని చూసి లేచి నిలబడింది. లక్కక్క ఆగలేదు. బల్లల మధ్య నుంచి దూసుకుంటూ వెనక్కి వెళ్లింది. అక్కడ చేతులు కడుక్కునే తొట్టి దగ్గర నలుగురు వరసలో ఉన్నారు. ముందున్న లావుపాటాయన మోచేతుల దాకా నురగ పట్టించి తీరిగ్గా రుద్దుకుంటున్నాడు. అతని చేతిలో సబ్బు బిళ్ల సగానికి సగం అరిగి ఉంది.

“ఆ సబ్బు ఇటివ్వండి” అంది.

ఆయన తన వంతు అయ్యాక ఇస్తానన్నాడు. లక్కక్క అతని చేతిలోంచి లాగేసుకుంది. అది జర్రున జారి నేల మీద పడి, తొట్టి కిందికి పోయింది. ఆ మురికి తడిలో మోకాళ్ల మీద కూర్చుని, చెయ్యి చాపి, వెతికి బయటికి తీసింది. అరిగిన సబ్బు మీద తను అతికించిన అతుకు సన్నటి గీతలా తేలి ఉంది. ఇంకొక్క రోజు గడిస్తే విచ్చుకునేదే. రెండు చేతులతో పట్టుకుని విరిచింది. ప్లాస్టిక్ కాగితంలో ఎర్రరాయి మెరిసింది.

తినేవాళ్లు తినడం ఆపి చూస్తున్నారు. చెల్లెలు వెనకాలే వచ్చి నిలబడింది. లక్కక్క లేచి, తడిసిన బట్టలతోనే ఆ సబ్బు చెక్కని ఆమె మొహం ముందు పెట్టింది. “దొంగ అన్నావుగా. ఇదిగో, చూసుకో.”

చెల్లెలు చెయ్యి చాపలేదు. మొహం మాత్రం ఎర్రబడింది. “దీన్ని పోస్టులో పంపమని నిన్నెవరడిగారు?”

“నువ్వేగా నీ వంతు నీకిమ్మన్నావు.”

“పట్టుకుని రమ్మన్నాను. ఎన్నిసార్లు ఫోన్ చేశాను? రా అన్నానా, పంపు అన్నానా?” మొహం ముందున్న ఆమె చేతిని చెల్లెలు పక్కకి నెట్టింది. “అమ్మకీ అంతే చేశావు. నువ్వు పంపిన శాలువా వచ్చిన రోజు, విప్పకముందే ‘పెద్దది రాలేదా’ అని అడిగింది. కళ్లద్దాలొచ్చిన రోజు పెట్టుకుని గుమ్మం వైపు చూస్తూ కూర్చుంది. నువ్వు పంపినవన్నీ చెక్కుచెదరకుండా వచ్చాయక్కా. నువ్వే రాలేదు.”

దుకాణం మూయడం కుదరలేదని లక్కక్క అనబోయింది. ఇప్పుడు ఎలా కుదిరిందని తనకే అనిపించింది. ఒళ్లంతా కోపంగానే ఉంది, కాకపోతే ఆ కోపాన్ని విసరడానికి ఎదురుగా ఎవరూ లేరు, తను తప్ప. వేళ్ల మీద సబ్బు ఆరిపోయి చర్మం బిగుసుకుపోతోంది. కడుక్కోవాలని కూడా తోచలేదు. నడుముకున్న సంచి విప్పి రెండో కమ్మ తీసి, మొదటిదాని పక్కన పెట్టి, రెండూ తీసుకోమన్నట్టు చెయ్యి చాపింది.

చెల్లెలు ఒకటే తీసుకుంది. కుళాయి కింద కడిగి, చీర కొంగుతో తుడిచి, తన చెవికి పెట్టుకుంది. రెండోదాన్ని అక్క అరచేతిలోనే ఉంచి, ఆ వేళ్లు తనే మడిచింది.

“జత కలిపి పంపకూడదన్నది నీ పద్ధతేగా. ఒకటి నా దగ్గరుంటుంది, ఒకటి నీ దగ్గర. ఇది కావాలంటే నువ్వు రావాలి, అది కావాలంటే నేనొస్తాను. పోస్టులో వేశావో, పార్సిల్ గుమ్మం కూడా దాటనివ్వను.”

మరిది విస్తరి వేసి పిలిచాడు. అక్కాచెల్లెళ్లు పక్కపక్కనే కూర్చుని, ఒకరి మొహం ఒకరు చూడకుండా తిన్నారు. కోపం ఇద్దరికీ పోలేదు. అలాగని ఎవరూ ముందు లేవలేదు.

తిరుగు బస్సులో లక్కక్క సంచి విప్పి, కమ్మకి అలవాటు కొద్దీ దూది చుట్టబోయి ఆగింది. ఒక్క చెవికి పెట్టేసుకుంది. ఊరు చేరాక గుమాస్తాని అన్న మాట అందరి ముందూ వెనక్కి తీసుకోవాలి, అదెలా అనాలా అని ఆలోచిస్తోంది. ఇంతలో ఎదుటి సీటు ఆవిడ ముందుకి వంగి, మీ రెండో కమ్మ ఎక్కడో పడిపోయినట్టుందమ్మా అంది.

“పడిపోలేదు. మా చెల్లెలి దగ్గరుంది” అని లక్కక్క కసురుకుంది.