అత్తయ్య పట్టిన నీళ్లు

పెళ్లయిన కొత్తలో రాయ్‌పూర్‌లో, భన్‌పురి పక్కన అప్పుడే వెలసిన కాలనీలో కాపురం పెట్టాం. మా వీధికి కాగితాల మీద పైపులైను పడిపోయింది, నేలలో మాత్రం పడలేదు. అయినా ఎన్నికల ముందు మా వార్డు పార్షద్, అంటే కార్పొరేటరు, మేళతాళాలతో వచ్చి, రిబ్బన్ కత్తిరించి కుళాయి తిప్పాడు. నీళ్లు ధారగా వచ్చాయి!

శ్రీకాకుళం నుంచి వచ్చిన మా అత్తయ్య ఆగలేకపోయింది.

"నీళ్లొత్తంటే అలా సూత్తావేటే? బిందెలు తే!" అంటూ ఫొటోలవాళ్లను తోసుకుని వెళ్లి బిందె పెట్టేసింది. నాకు తల కొట్టేసినట్టయింది. ఆవిడ వెనకే వీధి ఆడవాళ్లంతా బకెట్లతో వరస కట్టారు.

"బస్, అమ్మా, బస్!" అంటూ ఇక చాలని పార్షద్ మనుషులు బతిమాలుతుండగానే కుళాయి గుర్రుమని ఆగిపోయింది. అత్తయ్య పైపు వెంటే వెళ్లి షామియానా గుడ్డ ఎత్తింది. వెనక రెండు ఖాళీ డ్రమ్ములు, చిన్న మోటారు!

"యే క్యా హై, భయ్యా?" అంది. ఆవిడకొచ్చిన హిందీ అంతే. వీధంతా పగలబడి నవ్వింది. పార్షద్ తలదించుకుని, నెలలో పైపులు వేయిస్తానని మైకులోనే ఒప్పుకున్నాడు.

వేయించాడు కూడా. ఈసారి కుళాయి తిప్పమని అత్తయ్యనే పిలిచారు. ఆ రోజు ఆవిడను చూసి సిగ్గుపడ్డ నేను, అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాను. ఆవిడ మాత్రం షామియానా వెనక్కి వెళ్లి చూసొచ్చాకే కుళాయి మీద చెయ్యి వేసింది.