నిశ్శబ్దానికి భయపడిన మా అక్క

మా అక్క రోవెనాకి కోపమొస్తే కొలంబియా నదికి అవతల వాషింగ్టన్ రాష్ట్రపు ఒడ్డున ఉన్నవాళ్లకి కూడా వినిపిస్తుంది. గొంతు అంతటిది. మనిషిని నీళ్లమీద లాక్కెళ్లే పెద్ద గాలిపటాలు చిరిగితే కుట్టిపెట్టే కొట్టు మా ఊరు హుడ్ రివర్‌లో ఆమెదే. చిరిగిన గాలిపటం పట్టుకుని ఎవరొచ్చినా ముందు చివాట్లు, ఆ తరవాతే సూదీ దారం. అయినా జనం ఆమె దగ్గరికే వస్తారు. ఆమె వేసిన కుట్టు ఊడిందన్నవాణ్ణి నేనింతవరకు చూడలేదు.

చిన్నప్పుడు మా పియర్ తోటలో కోతలు జరుగుతుంటే, పడమటి గాలి లేచిందంటే చాలు, కాయల సంచి కొమ్మకి తగిలించి నదికి పరిగెత్తేది. ఆమె వంతు కాయలు కూడా నేనే కోసేవాణ్ణి. ఆ సంగతి ఇప్పటికీ దెప్పుతుంటాను. నదిమీద ఆమె ఎక్కింది మొదట తెరచాప బిగించిన బోర్డులు, తరవాత గాలిపటం లాక్కెళ్లే బోర్డులు. పెళ్లి నిలవలేదు గానీ నది నిలిచింది.

ఆ నదే మోకాళ్లు తినేసింది. అలల మీద బోర్డు దబదబా కొట్టుకుంటూ పోతుంటే ఆ దెబ్బలన్నీ మోకాళ్లకే కదా! నిరుడు చలికాలంలో డాక్టరు, ఇంకా ఆ కుదుపులు పడితే నడక కూడా ఉండదని చెప్పేశాడు. అక్క బయటికొచ్చి నా ట్రక్కులో కూర్చుంది. ఇల్లు చేరేదాకా నోరు మెదపలేదు. అక్క తిడితే నాకు లెక్కలేదు, మాట్లాడకపోతే మాత్రం కాళ్లూ చేతులూ ఆడవు.

వేసవి వచ్చాక హెర్షెల్ అని ఆమె పాత నేస్తం ఒకడు తన ఫాయిల్ బోర్డు తెచ్చిచ్చాడు. బోర్డు కింద నడుమెత్తు కడ్డీ, దాని చివర చిన్న విమానం రెక్కల్లాంటివి. వేగం అందుకుంటే ఆ రెక్కలు బోర్డును నీళ్లపైకి ఎత్తేస్తాయి. అలలు కిందే ఉండిపోతాయి, కుదుపన్నది ఉండదు.

"కోతలు మొదలయ్యేలోగా ఇది వస్తే వచ్చినట్టు," అంది అక్క. "రాలేదనుకో, నా గాలిపటాలన్నీ కత్తిరించి ఊళ్లోవాళ్ల చిరుగులకి అతుకులేస్తా. కొట్లో వేలాడుతుంటే రోజూ చూసి ఏడవడం నా వల్ల కాదు."

అన్నంత పనీ చేసే మనిషి.

మొదట గాలిపటం లేకుండా నా మోటారు పడవ వెనక తాడు పట్టుకుని నేర్చుకుంది. చక్కగా లేచి నిలబడింది. ఇంకేముంది, అయిపోయిందనుకున్నాను. గాలిపటంతో దిగేసరికి కథ అడ్డం తిరిగింది. బోర్డు లేవడం, గాలిపటం తాళ్లు కట్టిన చేతికర్రని అక్క లాగడం, రెక్కలు నీళ్లలోంచి బయటికి ఎగరడం, అక్క వెల్లకిలా పడటం. గాలి ఈడ్చుకెళ్లిన చోటి నుంచి గాలిపటం, బోర్డు మోసుకుంటూ ఇసకమేట మీద కుంటుతూ వెనక్కి నడిచి రావాలి. అక్కడున్నవాళ్లందరూ చూస్తూ ఉంటారు.

"ఏం రోవెనా, ఇవాళ కూడా షికారుకి బయల్దేరావా?" అనేవాడు హెర్షెల్.

"నీ గాలిపటం చిరగనీ, అప్పుడు చెబుతా నీ పని!"

చెట్లమీద పియర్ కాయలు పక్వానికొస్తున్నాయి. ఒకరోజు ట్రక్కు వెనక కూర్చుని పీచెస్ తింటుంటే అక్క విసుక్కుంది. "బోర్డు లేచీ లేవగానే గాలి చచ్చిపోతోందిరా, క్లైడూ."

"గాలి చావడమేంటి? ఇందాకే నా టోపీ ఎగిరిపోతేనూ!"

"మరి చప్పుడు ఆగిపోతోందే!"

నా చేతిలో పండు అలాగే ఉండిపోయింది. ఇన్నేళ్లుగా ఆమె వేగాన్ని కొలుచుకున్నది చెవితోనే. పాత బోర్డు మీద చప్పుడు ఆగిందంటే గాలి పడిపోయినట్టే, చెయ్యి దానంతటదే కర్ర లాగుతుంది, బరువు వెనక కాలి మీదికి పోతుంది. ఫాయిల్ లేస్తే చప్పుడుండదు. అక్కడ ఆ పాత అలవాటే ఆమెని ముంచుతోంది.

"అక్కా, పడవ వెనక బాగానే నిలబడ్డావు కదా. అప్పుడు నా ఇంజను రొద ఉంది."

"అయితే? నీ డొక్కు ఇంజన్ని నెత్తిన పెట్టుకుని ఎక్కమంటావా?"

"నీ నోరు లేదూ? బోర్డు లేచిన దగ్గర్నుంచీ నన్ను తిడుతూనే ఉండు. కర్ర జోలికి పోకు, ముందుకాలి మీద బరువెయ్యి."

"నిన్ను తిట్టడానికి ఇదొక వంకా నాకు!" అంది, కానీ అప్పటికే లేచి హెల్మెట్ పెట్టుకుంటోంది.

బోర్డు లేచింది. "ఒరే క్లైడూ! ఆ కాయల సంచి గురించి ఇంకెన్నేళ్లు సాధిస్తావురా! పిసినారి మొహమా! నీ పడవకి రంగైనా వేశావట్రా ఎప్పుడైనా!" ఇసకమేట మీద అందరూ పడీపడీ నవ్వారు. పడింది. మళ్లీ లేచింది, మళ్లీ తిట్టింది. నా వంట దగ్గర్నుంచి నా బట్టతల దాకా ఏదీ వదల్లేదు. పడటం మాత్రం తగ్గుతూ వచ్చింది.

ఉన్నట్టుండి తిట్లు ఆగిపోయాయి.

బూట్లతోనే నీళ్లలోకి పరిగెత్తాను, పడిన గాలిపటం కోసం వెతుకుతూ. ఎక్కడా పడలేదు. గాలిపటం ఆకాశంలోనే ఉంది. దాని కింద మా అక్క నీళ్లకి నడుమెత్తున నిటారుగా నిలబడి, చడీచప్పుడు లేకుండా వాషింగ్టన్ వైపు సాగిపోతోంది. నాకు ఏడుపొచ్చింది. హెర్షెల్ చూస్తాడని కూడా అనుకోలేదు.

తిరిగొచ్చి అరచేత్తో నెత్తిమీద తట్టుకుంది. గాలిపటం దించుకుంటానని సైగ అది. దగ్గరున్నవాళ్లెవరైనా చేతిలో పని వదిలేసి పట్టుకోవాల్సిందే. హెర్షెల్ ముందుకొచ్చాడు గానీ ఆమె తల అడ్డంగా ఊపి నావైపు వేలు చూపించింది. నేనే పట్టుకున్నాను.

"తిట్టడం ఆపేశావేంటక్కా? పడిపోయావనుకుని చచ్చాను!"

"చప్పుడు లేకపోతే పడిపోయినట్టేనట్రా?" అంది అక్క, నవ్వుతూ.

ఆ వారంలోనే కోతలు మొదలయ్యాయి. కింది కొమ్మలు తాను కోస్తానని అక్క తోటకొచ్చింది. పడమటి గాలి లేచేసరికి సంచి కొమ్మకి తగిలించి ఉంది, మనిషి లేదు. ఆమె వంతు కాయలు కూడా నేనే కోశాను.