ప్రేమలత పెట్టిన మూడు సెకన్లు

తొండుపల్లి ప్రేమలతకు డిప్లొమా ఉన్నా, కాటేదాన్‌లోని భీమశంకరరావు గారి ఎలక్ట్రానిక్స్ షెడ్డులో నాలుగేళ్లూ సోల్డరింగ్ పనే దక్కింది. రెండు వేల పదమూడు వేసవిలో తొలిసారి సొంతంగా ఒక సర్క్యూట్ బోర్డు గీసింది. పక్క వీధి ప్లాస్టిక్ కార్ఖానాలో కోత మిషన్‌కు అది. బ్లేడు పైకి లేచి మూడు సెకన్లు ఆగాలి, ఆలోపు మనిషి ముక్క తీసుకోవాలి. ఆ మిషన్ దగ్గర పనిచేసేది ప్రేమలత చిన్నమ్మ జంగమ్మే.

సెకన్లు లెక్కపెట్టడానికి బోర్డుకు ఒక గడియారం కావాలి.

"చేతి గడియారాల్లో ఉండే క్వార్ట్జ్ క్రిస్టల్ పెట్టమ్మా. ఎండొచ్చినా చలొచ్చినా దాని వేగం మారదు," అన్నారు రావుగారు.

క్రిస్టల్ సెకనుకు వేలసార్లు కొట్టుకుంటుంది, అది పెడితే దాని వేగం తగ్గించడానికి ఇంకో చిప్పు కావాలి, బోర్డు పెద్దదవుతుంది. టైమర్ చిప్పు, కరెంటు నిండినప్పుడల్లా ఒక టిక్కు కొట్టించే చిన్న సిరామిక్ కెపాసిటర్ చాలని ప్రేమలత పంతం పట్టింది. తొలి బోర్డు ముచ్చటగా ఉండాలని ఆశ, ఇంకేముంది! పదిరోజులు పరీక్షించింది కూడా. కాకపోతే అది కరెంటు కోతల కాలం, షెడ్డుకు కరెంటు పొద్దున తొమ్మిదింటి దాకానే. కాటేదాన్‌లో అందరి పరీక్షలూ ఆ చల్లటి పూటే. జనరేటర్ ఉన్న కార్ఖానా మాత్రం రోజంతా నడుస్తుంది.

బోర్డు బిగించిన నాలుగో రోజు, ఎవరి పుణ్యమో, మధ్యాహ్నం కరెంటు ఉంది. రేకుల కింద నిప్పుల కొలిమిలా ఉంది. ప్రేమలత అలాంటిదే రెండో బోర్డు బల్ల మీద పెట్టి, గోడ గడియారంతో పోల్చి చూసింది. మూడు సెకన్లు రెండే అయ్యాయి. మళ్లీ చూసింది, అంతే. వేడికి కెపాసిటర్ సామర్థ్యం సన్నగిల్లి, త్వరగా నిండిపోయి, టిక్కులు తొందరపడుతున్నాయి. చిన్నమ్మ ఫోన్ ఎత్తడం లేదు. చెప్పుల్లేకుండానే పరుగెత్తింది. దారిపొడవునా జంగమ్మ వేళ్లే కళ్ల ముందు.

మిషన్ ఆడుతూనే ఉంది. ప్రేమలత వెళ్లి మెయిన్ స్విచ్ ఆపేసింది.

"ఏందే లతా, గట్ల ఉరికొచ్చినవ్?" అంది జంగమ్మ. పది వేళ్లూ ఉన్నాయి. ఒకదానికి మాత్రం గుడ్డపీలిక చుట్టి ఉంది.

"గదేంది చిన్నమ్మా?"

"నిన్న జర గీసుకున్నది. పొద్దుగాల మంచిగనే చేస్తున్న. ఎండ ముదిరితే చెయ్యి సాగుతలేదు. ముసలిదాన్నైతున్న గద. సేటుకు చెప్పకు, పనిలకెల్లి తీసేస్తడు."

"నీ చెయ్యి మంచిగనే ఉంది. తప్పు నాది. నేను పెట్టిన గడియారమే ఉరుకుతున్నది."

"అయితే నేనింక ముసలిదాన్ని కాలే!" అని జంగమ్మ పకపకా నవ్వింది. ప్రేమలత ఆ చెయ్యి పట్టుకుని భోరున ఏడ్చేసింది.